తల్లి పోయిన ఇంట్లో పసివాళ్ళ హక్కు



తెనాలిలో పుట్టిల్లు, రేపల్లెలో అత్తవారిల్లు, బాపట్లలో ఖాలా ఇల్లు. మన ప్రాంతంలో సంబంధాలు చాలావరకు ఇలాగే కలుస్తాయి. తెనాలి జంక్షన్‌లో బండి మారితే చాలు, మూడు ఊళ్ళూ ఒకదానికొకటి అందుబాటులో ఉంటాయి. నికాహ్‌లకు, అఖీఖాలకు, ఈద్ పండుగలకు అంత దగ్గరగా ఉన్న ఈ దారి, ఆ ఇళ్ళలో ఒక చిన్న వయసు ఇల్లాలు హఠాత్తుగా కన్నుమూసిన రోజున ఎంత దూరమైపోతుందో మనలో చాలామంది చూసే ఉంటారు. మయ్యిత్ ఇంకా ఇంట్లోనే ఉంటుంది. మా బిడ్డను చంపేశారని ఒక వైపు, ముందునుంచీ జబ్బు మనిషని ఇంకో వైపు గొంతులు లేస్తాయి. మూడో రోజు గడవకముందే పసివాళ్ళు ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా మొదలవుతుంది. ఆ తర్వాత కొట్టారని, పస్తులుంచారని, అంతకంటే ఘోరమైన పనులు చేశారని ఇరువైపులా కాగితాలు తయారవుతాయి.

మేము ఏ ఒక్క ఇంటినీ దృష్టిలో పెట్టుకుని ఇది రాయడం లేదు. అలాంటి ఇంటి గడపలో నిలబడిన జమాఅత్ పెద్దలు, బంధువులు, ఇరుగుపొరుగువారు అల్లాహ్ ముందు దేనికి జవాబుదారులో గుర్తుచేయడమే మా ఉద్దేశం.

ముందు మయ్యిత్ సంగతి. ఖననం త్వరగా జరిపించమని షరీఅత్ తాకీదు చేసింది, నిజమే. అయితే ఆ తాకీదు మృతుల గౌరవం కోసమే గాని, ఒంటిమీది దెబ్బలను మట్టితో కప్పెయ్యడం కోసం కాదు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా మేజిస్ట్రేట్ విచారణ, పోస్టుమార్టం జరగాలన్నది మన దేశ చట్టం. 2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాక కూడా ఈ నియమం అలాగే ఉంది. గుసుల్ ఇచ్చే స్త్రీలకు మెడ మీదో వీపు మీదో గుర్తులు కనబడితే, 'కేసులెందుకు, ఖౌమ్ పరువు పోతుంది' అని వారి నోరు మూయించే పెద్దమనిషి ఎవరి పరువు కాపాడుతున్నట్టు? మయ్యిత్‌కు కోత పెట్టడం మహాపాపం కదా అని కొందరు అడుగుతారు. అవసరం లేకుండా చేస్తే పాపమే. కాని నేర పరిశోధన కోసం, మరణ కారణం తెలుసుకోవడానికి మరో దారి లేనప్పుడు పోస్టుమార్టం చేయవచ్చని 1987లో మక్కాలోని ఫిఖ్ అకాడమీ ధర్మవేత్తలు తీర్మానించారు.

మొదటి రోజు దర్యాప్తు సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో తెనాలి వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్‌లో హత్యకు గురైన ఆడబిడ్డ మన తెనాలి బిడ్డే. 2008లో పోలీసులు ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా అతని జీవితం జైల్లోనే గడిచిపోయింది. కేసు సిబిఐ చేతికి వెళ్ళాక, 2019 డిసెంబరులో తెనాలి కబరస్థాన్‌లో ఆ బిడ్డ సమాధిని తవ్వి మళ్ళీ పరీక్షలు చేశారు. పన్నెండేళ్ళ తర్వాత కూతురి సమాధి తెరవడానికి ఒప్పుకున్న తల్లిదండ్రుల గుండెకోతను, చేయని నేరానికి యవ్వనం పోగొట్టుకున్న ఆ యువకుడి కన్నతల్లి గుండెకోతను మనం వేర్వేరు తరాజుల్లో తూచలేము.

దైవప్రవక్త (స) కాలంలోనూ ఇలాంటి అనుమానాస్పద మరణం ఒకటి జరిగింది. అబ్దుల్లాహ్ బిన్ సహల్ (రజి) ఖైబర్‌లో హత్యకు గురై కనిపించారు. చూసినవారు లేరు. చుట్టూ ఉన్నది యూదుల బస్తీ. ఆయన సోదరుడు, పినతండ్రి కుమారులు మదీనా వచ్చి మొరపెట్టుకున్నారు. వారిలో అందరికంటే చిన్నవాడు ఆవేశంగా మాట్లాడబోతే, ముందు పెద్దవారిని మాట్లాడనివ్వమని దైవప్రవక్త (స) వారించారు. హంతకుడు ఫలానావాడేనని ప్రమాణం చేస్తారా అని అడిగారు. కళ్ళారా చూడనిదాని మీద ప్రమాణం ఎలా చేయగలమని వారన్నారు. అయితే యూదులు తమకు తెలియదని ప్రమాణం చేస్తారని దైవప్రవక్త (స) చెప్పారు. వారి ప్రమాణం తాము నమ్మలేమని వీరన్నారు. చివరికి ఆయన ఆ బస్తీలో ఎవరినీ అనుమానం మీద శిక్షించలేదు. ఆ ప్రాణం వృథాగా పోనివ్వనూ లేదు. నూరు ఒంటెల రక్తపరిహారం తామే ఇప్పించారు.

ఇందులో రెండు విషయాలు ఉన్నాయి. కళ్ళతో చూడనిదాని మీద ప్రమాణం చేయడానికి ఆ కుటుంబం భయపడింది. పోయినవాడు తమ రక్తమే అయినా భయపడింది. ఇవాళ మనం వాంగ్మూలం కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఆ భయం ఎక్కడుంది? అత్తవారింట్లో ఆ రోజు ఊళ్ళోనే లేని ఆడబిడ్డ పేరు, మంచాన పడిన ముసలి దాదీ పేరు కూడా జాబితాలో చేర్చడం మామూలైపోయింది. అబద్ధపు సాక్ష్యం ఎంత ఘోరమో చెప్పేటప్పుడు, ఆనుకుని కూర్చున్న దైవప్రవక్త (స) లేచి నిటారుగా కూర్చుని ఆ మాటనే పదేపదే అన్నారట. ఇక ఆపితే బాగుండునని సహాబాలు అనుకునేదాకా అన్నారు. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదని దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలో ఆదేశించింది. వియ్యంకుల మీది ద్వేషానికి మాత్రం అందులో మినహాయింపు ఉందా?

రెండో విషయం, ప్రాణం వృథా కానివ్వకపోవడం. ఆరోపణ చేసినవాళ్ళందరూ అబద్ధాలాడుతున్నారనే ధోరణి కూడా మన మజ్లిస్‌లలో పాతుకుపోయింది. అది అంతకంటే పెద్ద అన్యాయం. బతికున్నప్పుడు ఆ పిల్ల ఎన్నిసార్లు పుట్టింటికి వచ్చి ఏడ్చింది, ఎన్నిసార్లు మనమే సర్దిచెప్పి బండి ఎక్కించాం? సబ్ర్ చేయమని చెప్పాం. సబ్ర్ అంటే దెబ్బలు తినడమని ఏ ధర్మవేత్త చెప్పాడో మాకు తెలియదు. పిల్లల మీద లైంగిక అత్యాచారం జరిగిందని తెలిసీ దాచిపెట్టడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం. కక్షతో పెద్దవాళ్ళు అలాంటి తప్పుడు ఫిర్యాదు చేయడమూ అదే చట్టం ప్రకారం నేరమే. కాని చట్టం పసివాళ్ళకు మాత్రం ఆ శిక్ష వర్తింపజేయలేదు. బిడ్డ చెప్పింది విని, 1098కి ఫోన్ చేసి అధికారులకు అప్పగించండి. బిడ్డకు మాటలు నేర్పించి కోర్టుకు తీసుకెళ్ళకండి. అమ్మను నాన్న చంపాడని అయిదేళ్ళవాడితో వంద మంది ముందు పదేపదే చెప్పించడం కూడా ఆ బిడ్డను హింసించడమే.

ఇక పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి? తండ్రి వలీ, పోషణ ఖర్చు అతని బాధ్యత. అయితే ఒడిలో పెంచే హక్కు, అంటే హిజానత్, వేరే సంగతి. హనఫీ ఫిఖ్ ప్రకారం మగపిల్లవాడికి ఏడేళ్ళు వచ్చేవరకు, ఆడపిల్ల ఈడేరేవరకు అది తల్లిది. తల్లి లేకపోతే ముందు నానీది, ఆ తర్వాత దాదీది. వారి తర్వాతే అక్కచెల్లెళ్ళు, ఖాలా, ఫుఫీ. తల్లి పోయింది కాబట్టి బిడ్డ వెంటనే తండ్రి ఇంటికి వెళ్ళాల్సిందేనని వాదించే పెద్దలు ఈ వరుస ఒకసారి చూసుకోవాలి.

హజ్రత్ హమ్జా (రజి) ఉహుద్‌లో అమరులయ్యారు. హిజ్రీ 7లో ఉమ్రా ముగించుకుని దైవప్రవక్త (స) మక్కా నుంచి బయలుదేరుతుంటే ఆయన చిన్నారి కూతురు చిన్నాన్నా, చిన్నాన్నా అంటూ వెంటపడింది. హజ్రత్ అలీ (రజి) ఆమె చేయి పట్టుకుని హజ్రత్ ఫాతిమా (రజి)కు అప్పగించారు. తర్వాత ముగ్గురు వాదనకు దిగారు. ఆమె తమ పినతండ్రి కూతురని అలీ (రజి), పినతండ్రి కూతురే కాక ఆమె ఖాలా తమ భార్య అని జాఫర్ (రజి), తమ సోదరుడి కూతురని జైద్ (రజి). దైవప్రవక్త (స) ఆ పాపను ఖాలా ఉన్న ఇంటికి ఇచ్చారు. ఖాలా తల్లితో సమానమని తీర్పు చెప్పారు. మమ్మల్ని ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి భాగం. ఓడిన ఇద్దరినీ ఆయన చిన్నబుచ్చి పంపలేదు. ఒకరు తమవారని, తాము వారివారమని అన్నారు. ఇంకొకరిని మా సోదరుడని అన్నారు. గెలిచిన జాఫర్ (రజి)కూ ఒక మంచిమాట దక్కింది. మన పంచాయితీల్లో గెలిచినవాళ్ళు ఈద్ రోజున కూడా బిడ్డను అవతలి దాదీకి చూపించరు.

కోర్టుల తీరు కూడా దీనికి దూరంగా లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం బిడ్డ క్షేమాన్ని చూడమంటుంది. 2008లో కలకత్తా హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వచ్చిన ఒక కేసులో తల్లి అనుమానాస్పదంగా మరణించింది, ఆ కేసులో తండ్రి మీద నేరారోపణ ఉంది. బాబు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరుగుతున్నాడు. కింది కోర్టులు తండ్రికి ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు రద్దు చేసింది. తండ్రి మీదున్న ఆరోపణను, బాబు ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం తప్పని చెప్పింది. 2010లో కర్ణాటక నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం కేసులోనూ, తల్లి పోయి తండ్రి మరో నికాహ్ చేసుకున్నాక, కేసు తేలేవరకు పిల్లలను తల్లివైపు వారి దగ్గరే ఉంచింది. వలీగా ఉండటం వేరు, పెంచుకోవడం వేరు అని వివరించింది.

డబ్బు సంగతి చివరికి వచ్చినా, చాలా తగాదాల మూలం అదే. చెల్లించని మహర్ భర్త మీద అప్పు. ఆమె పోయినా తీరదు. ఆమె నగలు ఆమె ఆస్తి. అప్పులు, వసియ్యత్ పోగా మిగిలినదాన్ని, కొడుకు ఉన్నప్పుడు, 12 భాగాలు చేస్తే భర్తకు 3, తల్లికి 2, తండ్రికి 2, పిల్లలకు 5. ఆమెను చంపినవాడికి ఏ భాగమూ లేదు. కట్నంగా ఇచ్చినదైతే, పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజ మరణం జరిగితే అది పిల్లలకే చెందాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం చెబుతోంది. అనాథల సొమ్ము తినేవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నారని ఖుర్ఆన్ హెచ్చరించింది. బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో చూసుకుని, ఆ రోజే ఇరువైపుల పెద్దల సమక్షంలో నగల జాబితా రాసిపెట్టుకోండి.

హజ్రత్ ఉమర్ (రజి) ఒకసారి ఖుబా వెళ్ళారు. విడాకులు ఇచ్చిన భార్యకు పుట్టిన కుమారుడు ఆసిం అక్కడ మస్జిద్ ఆవరణలో ఆడుకుంటున్నాడు. ఆయన బిడ్డను ఎత్తి తన వాహనం మీద ముందు కూర్చోబెట్టుకున్నారు. వాడి నానీ వెంటపడి వచ్చి అడ్డుకుంది. ఇద్దరూ ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) దగ్గరికి వెళ్ళారు. నా కొడుకని ఆయన, నా బిడ్డ అని ఆమె. బిడ్డను ఆమెకు వదిలేయమని ఖలీఫా చెప్పారు. ఉమర్ (రజి) అంతటివారు ఒక్క మాట ఎదురు చెప్పలేదు.