నికాహ్‌కు ముందు ఒక రక్తపరీక్ష

కొండాపూర్ లాంటి చోట సంబంధం చూసేటప్పుడు మనం ఎన్ని విషయాలు ఆరా తీస్తామో గుర్తుచేసుకుందాం. అబ్బాయిది ఏ కంపెనీ, జీతమెంత, ఫ్లాటు సొంతమా, వీసా వచ్చిందా అని అన్నీ అడుగుతాం. ఇద్దరి రక్తం గురించి మాత్రం అడగం. ఎవరైనా అడిగితే “మా అమ్మాయిలో లోపముందని అనుమానమా?” అని నొచ్చుకుంటాం. “అంతా అల్లాహ్ నిర్ణయం, పరీక్షలెందుకు?” అనేవారూ ఉన్నారు. ఈ మాటలు ఎంతవరకు సబబు?

మన కణాల కేంద్రకంలో 46 క్రోమోజోములుంటాయి. 23 తల్లి ఇచ్చినవి, 23 తండ్రి ఇచ్చినవి. ఎర్ర రక్తకణాల్లో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ ఎలా తయారు కావాలో నిర్దేశించే జన్యువులు వాటిపైనే ఉంటాయి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి లోపమున్న జన్యువు, మరొకరి నుంచి మంచిది వస్తే ఆ వ్యక్తి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. అతను తలసీమియా వాహకుడే గాని రోగి కాడు. అయితే ఇద్దరు వాహకులు దంపతులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది గనుక రెండో బిడ్డకు రాదనుకోవడం పొరపాటు. ఆ పసివాడికి కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలా శరీరంలో పేరుకుపోయే ఇనుము గుండెను, కాలేయాన్ని దెబ్బతీయకుండా మందులూ వాడాలి.

ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు నింద కోడలిపై పడుతుంది. కాని లోపమున్న జన్యువు ఒకటి తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి వస్తేనే ఈ వ్యాధి వస్తుంది. సగం తండ్రిదైన దాన్ని పూర్తిగా తల్లికి అంటగట్టడం అన్యాయం కాదా?

పినతండ్రి, మేనమామ పిల్లలతో వివాహం ధర్మసమ్మతమే. అయితే అనుమతి ఉన్నంత మాత్రాన అది తప్పనిసరి కాదు. తాత, నాయనమ్మ ఒకరే అయినప్పుడు ఒకే లోపం ఇద్దరికీ సంక్రమించే అవకాశం పెరుగుతుంది.

ఇక తవక్కుల్ సంగతి. కొత్తగూడ కూడలిలో కళ్ళు మూసుకుని రోడ్డు దాటి, దైవంపై భారం వేశామని ఎవరూ అనరు. సౌదీ అరేబియా 2004 నుంచి నికాహ్‌కు ముందు ఈ పరీక్షను తప్పనిసరి చేసింది. ఫలితం తెలిశాక నిర్ణయం మాత్రం వధూవరులకే వదిలింది. మన హైదరాబాద్‌లోనూ 1998లో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఏర్పడి ఈ పిల్లలకు సేవలందిస్తోంది.

సోదర సోదరీమణులారా! మంగ్నీ తర్వాత కాదు, ముందే పరీక్ష చేయించండి. అమ్మాయికి మాత్రమే కాదు, అబ్బాయికీ. ఆ రిపోర్టు ఒక అమానతు. ఎదుటి కుటుంబం దగ్గర దాచడం మోసం, బస్తీలో చాటడం ద్రోహం. ఇద్దరూ వాహకులని తేలితే పెద్దలు బలవంతం చేయక, వైద్యులనూ ఉలమానూ సంప్రదించనివ్వండి. వాహకులుగా పుట్టడం ఎవరి తప్పూ కాదు. తెలుసుకునే వీలుండీ తెలుసుకోకపోతే, ఆ భారం మోసేది మాటలు కూడా రాని పసివాడు.