దోషమెవరిది?

కోకిలకు సంస్కృతమున ‘పరభృత’మని పేరు; పరులచే పోషింపబడినదని అర్థము. కాకి గూటిలో పెరిగినను, మన కవులు దానిని వసంతదూతయని కీర్తించిరేగాని దొంగయని నిందింపలేదు. ఉత్తర అమెరికాలో కౌబర్డు అను పక్షి వృత్తియు నిట్టిదే. దానికి మాత్రము నిందయే దక్కినది.

కౌబర్డు గూడు కట్టదు. ఒక్క ఋతువులో నలుబది వరకు గ్రుడ్లను పరుల గూండ్లలో పెట్టగలదు. పూర్వమది మైదానములందు అడవిదున్నల మందల వెంట తిరుగుచు, వాని అడుగుల సవ్వడికి లేచు పురుగులను తినుచుండెడిది. మానవుడు తూర్పున అడవులను నరికి పశువులను మేపగా, ఆ తెరచిన దారినే అదియు వ్యాపించెను. నేడది అంతర్జాతీయ పట్టికలలో ఆపద లేని జాతిగా లెక్కింపబడుచున్నది.

మిచిగన్ రాష్ట్రమున లేత జాక్ పైన్ వనములలో నేలపై గూడు కట్టు కర్ట్‌లండ్ వార్బ్లరను చిన్న పక్షికి మాత్రము ఆపద వాటిల్లెను. 1961లో గానము చేయు మగపక్షులు 502 ఉండగా, 1971లో 201 మాత్రమే లెక్కకు వచ్చెను. 1972 నుండి అధికారులు బోనులు పన్ని, వేలకొలది కౌబర్డులను పట్టి చంపించిరి.

ఇది ధర్మమా? ఒక జాతి నశించుచుండగా చేతులు ముడుచుకొని చూచుట అహింస కాజాలదు. కాని చంపబడినది దోషి యనుకొనుటయు సత్యము కాదు. కౌబర్డునకు మోసమను తలంపే లేదు. దానికి గలది స్వభావము మాత్రమే. దోషమునకు సంకల్పము మూలము. అడవిని నరికినవాడును, సహజముగా రేగు మంటలను ఆర్పి లేత వనములు మొలవకుండ చేసినవాడును మానవుడే.

అనంతర చరిత్ర ఈ విషయమునే తెలుపుచున్నది. బోనులు క్షీణతను ఆపినవి. కాని వృద్ధిని కలిగింపలేదు. 1987లో సైతము 167 మగపక్షులే కానవచ్చెను. 1980 నాటి గొప్ప కార్చిచ్చు తరువాత మొలచిన వనమును, మనుష్యులు ఏటేట నాటిన మొక్కలును ఎదిగిన పిమ్మటనే ఆ జాతి విస్తరించెను. కౌబర్డుల బాధ మిక్కిలి తగ్గగా బోనులను నిలిపివేసిరి. 2019లో వార్బ్లరు పేరు ఆపన్నజాతుల పట్టికనుండి తొలగింపబడెను.

ఒకప్పుడు హింస తప్పనిదగును. అప్పుడైనను దానిని ద్వేషముతో చేయరాదు. తన తప్పునకు మరియొక ప్రాణి మూల్యము చెల్లించుచున్నదను ఎరుకతో చేయవలెను. ఆ ఎరుక కలవాడు బోను పన్నుటతో తృప్తినొందడు. మొక్కను నాటును, బోను అక్కరలేని దినమునకై పాటుపడును.