మైత్రి - గోప్యము

మానవునకు తల్లిదండ్రులు, సోదరులు పుట్టుకతో లభింతురు. మిత్రులను మాత్రము అతడు తన మనస్సుతో ఎంచుకొనును. కావుననే ఒకని స్వభావమును తెలిసికొనగోరువారు అతని స్నేహితులెవ్వరో విచారింతురు. నేడీ విచారణ మిగుల సులభమైనది. ఫేస్‌బుక్ వంటి అంతర్జాల వేదికలలో ప్రతి వ్యక్తి పేరు క్రిందను అతని మిత్రుల పట్టిక యుండును. ఆ పట్టిక అందఱకును కనబడవలెనా, కొందఱకేనా, ఎవ్వరికిని కనబడకుండవలెనా అనునది పైకి చిన్న ప్రశ్నయే. లోతునకు పోయినచో ఇది ధర్మప్రశ్న.

“నిర్మలమైన స్నేహమునకు దాపఱికమెందుకు? శ్రీరాముడు సుగ్రీవునితో అగ్నిసాక్షిగా మైత్రి చేయలేదా?” అని కొందఱందురు. నిజమే. కాని సాక్ష్యము వేఱు, ప్రదర్శనము వేఱు. అగ్ని సాక్షిగా నిలిచినది ఆ ఇరువురును మాట తప్పకుండుటకు. ఆ వార్తను వాలి చెవిని వేయుటకు కాదు.

మఱియొక విషయము. పట్టికలోనున్న పేళ్లు పట్టిక గలవానివి కావు, అవి మిత్రులవి. 2009 డిసెంబరులో ఫేస్‌బుక్ సంస్థ తన నియమములను మార్చినపుడు, అంతకుముందు కొందఱు మఱుగుపఱచుకొన్న మిత్రుల పట్టికలు సైతము బహిరంగములైనవి. ముందుగా వారి అనుమతి కోరలేదని అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2011లో ఆక్షేపించినది. ఆ ఆక్షేపణ న్యాయమే. అయితే మిత్రుని అడుగక అతని పేరును పదుగురి ముందుంచు వ్యక్తియు అట్టి ప్రశ్నకే ఉత్తరమీయవలసియున్నాడు.

ఒకని ఉనికి బయల్పడినచో అతనితో ముడివడినవారందఱును బయల్పడుదురు. విరాటుని కొలువులో కీచకుడు ద్రౌపదిని అవమానించినపుడు ధర్మరాజు భీముని సంజ్ఞతో వారించెను. కోపము లేక కాదు. ఒక్కరు తెలియబడినచో ఆర్వురి అజ్ఞాతవాసమును భగ్నమై, మరల పండ్రెండేండ్ల వనవాసము ప్రాప్తించును. ఈ సత్యము ఆ కాలముతో తీరిపోలేదు. 2021 ఆగస్టులో తాలిబానులు కాబూలు నగరమును వశపఱచుకొనిరి. కొలదిదినములలోనే ఆఫ్ఘనిస్థానములోని వారి మిత్రుల పట్టికలు ఇతరులకు కనబడకుండ ఫేస్‌బుక్ సంస్థయే మఱుగుపఱచినది. ఎవరు ఎవరికి స్నేహితులో తెలియుటయే ప్రాణాపాయమగునను భయమే అందులకు హేతువు.

భారతదేశమున 2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగ నిర్ణయించినది. అయినను హక్కు తన్ను కాపాడుకొనుటకు. ధర్మము ఇతరుని కాపాడుటకు. ఫేస్‌బుక్‌లో ఒకరు తమ పట్టికను మూసికొన్నను, వారి మిత్రుని పట్టిక తెఱచియున్నచో వారి పేరచ్చట కనబడుచునేయుండును. కావున ఈ గోప్యత ఒంటిచేత నిలుచునది కాదు. మిత్రుని గుట్టును దాచుటయు, గుణములను చాటుటయు సన్మిత్రలక్షణములని భర్తృహరి చెప్పియున్నాడు. మిత్రుని అడిగి తెఱచుట, అడుగుటకు వీలులేనిచో మూసియుంచుట గృహస్థులకు తగిన మార్గము. అయితే దుస్సాంగత్యమునకు ఇది ముసుగు కారాదు. పిల్లల స్నేహములు తల్లిదండ్రులకు తెలిసియుండవలెను, లోకమునకెల్ల తెలియనక్కఱలేదు.

సర్వాంతర్యామియగు శ్రీమన్నారాయణుడు ప్రతి హృదయములోని ప్రతి స్నేహమును ఎఱుంగును. ఎఱిగియు ఎవ్వరికిని చాటడు. ఆయనకు దాసులమనుకొనువారికి ఆ మౌనము అనుసరింపదగినది.