దేవుడైపోయిన స్నేహితుడు

బొలీవియాలోని లా ఇగెరా అనే కుగ్రామంలో 1967 అక్టోబర్ 9న విప్లవకారుడు ఎర్నెస్టో ‘చే’ గెవారాను కాల్చి చంపారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు కొందరికి ఆయన ‘సాన్ ఎర్నెస్టో’, అంటే పునీత ఎర్నెస్టో. పటం ముందు కొవ్వొత్తి వెలిగించి మొక్కుకుంటారు. మనకిది వింతేమీ కాదు. రాజస్థాన్‌లో పాలీ దగ్గర 1988లో బుల్లెట్ మీద వెళ్తూ ప్రమాదంలో చనిపోయిన ఓం బన్నా ఇవాళ హైవే పక్కన వెలసిన దేవుడు. ఆయన బండి అద్దాల పెట్టెలో పూజలందుకుంటోంది. గెవారా కథలోనూ ఒక మోటారుసైకిలు ఉంది, కాకపోతే అది ఆయనది కాదు, స్నేహితుడు అల్బెర్టో గ్రనాడోది. 1939 మోడల్ నార్టన్ 500. దానికి పెట్టుకున్న పేరు ‘లా పొదెరోసా’, అంటే మహాబలశాలి. బలం సంగతి ఎలా ఉన్నా, 1951 డిసెంబరు ఆఖర్లో అర్జెంటీనాలో బయల్దేరిన ఆ బండి చిలీ దాటకముందే మూలపడింది. మిగతా దారి చాలావరకు లారీల మీద, పడవల మీద, కాలినడకన సాగింది. గెవారా పోయాక గ్రనాడో మరో 43 ఏళ్లు బతికి, 2011లో హవానాలో కన్నుమూశాడు. లోకం దేవుణ్ని చేసుకున్న మనిషిని, అతనితో ఒకే బండి మీద తిరిగినవాడు ఎలా తలుచుకోవాలి? నా ఉద్దేశంలో స్నేహితుడు చేయాల్సింది పూజ కాదు, సాక్ష్యం చెప్పడం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి కూడా.

ఎలా అడ్డం పడతాయో వాళ్ల ప్రయాణపు రాతలే చూపిస్తాయి. చిలీలోని తెముకోలో ఒక స్థానిక పత్రిక వీళ్లిద్దరినీ కుష్ఠువ్యాధి నిపుణులని ఆకాశానికెత్తింది. ఆ వార్త పుణ్యమా అని దారిలో ఆతిథ్యాలు బాగానే దొరికాయి. చేతిలో డబ్బు లేకపోతే ఇంకో ఎత్తు వేసేవారు. ప్రయాణం మొదలుపెట్టి సరిగ్గా ఏడాదైందనీ, పండగ చేసుకుందామంటే పైసా లేదనీ పక్కవాళ్లకు వినపడేలా వాపోయేవారు. జాలిపడ్డవాళ్లు వైను పోయించేవారు. లౌతారోలో ఒక రాత్రి మందు ఎక్కువై, మెకానిక్ భార్యను డాన్సుకు లాగబోయి, ఊళ్లోవాళ్లు తరుముతుంటే పరుగు లంకించుకున్న సంగతి గెవారాయే రాసుకున్నాడు. గెవారా ఉబ్బసం సరేసరి. ఇవి బయటపడితే గౌరవం తగ్గుతుందని కాదు, మొక్కుకు ఇవి పనికిరావు. బిడ్డకు జ్వరం తగ్గించమని వేడుకునేవాడికి, దేవుడు ఒకప్పుడు గ్లాసు వైను కోసం అబద్ధమాడాడన్న విషయం ఎందుకు? పనికిరానిది కాబట్టి అది రాలిపోతుంది. లా ఇగెరా రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆయన గెవారాను ఎరగడు, ఎరిగినట్టు చెప్పుకోనూ లేదు. ఎరిగినవాడు కూడా కొవ్వొత్తి పట్టుకుని ఆ వరసలో నిలబడితేనే నష్టం, ఎందుకంటే అతని దగ్గరున్నది ఇంకెవరి దగ్గరా లేదు.

దీనికి మన దర్శనాల్లోంచే గట్టి ఆక్షేపణ ఉంది. న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, స్మృతిని, అంటే జ్ఞాపకాన్ని, ప్రమాణంగా ఒప్పుకోరు. కేవలం సంస్కారం వల్ల, అంటే అనుభవం మనసులో మిగిల్చిన ముద్ర వల్ల పుట్టే జ్ఞానం అది. కొత్తగా దేన్నీ తెలియజేయదు, మునుపటి అనుభవం సరైనదైతేనే అదీ సరైనది. అలాంటిదాన్ని నమ్మి సాక్ష్యం ఎలా చెప్పిస్తారు? పైగా గెవారా తన డైరీని ఇంటికి తిరిగొచ్చాక మళ్లీ రాశాడు. ఆ నోట్సు రాసినవాడు అర్జెంటీనా గడ్డ మీద మళ్లీ కాలు పెట్టిన రోజే చనిపోయాడనీ, వాటిని సవరిస్తున్నవాడు ఆ మనిషి కాడనీ మొదట్లోనే హెచ్చరించాడు కూడా. ఆక్షేపణ బలమైనదే. అయితే నైయాయికులు లోపమని చూపినచోటే నాకు గుణం కనిపిస్తోంది. స్మృతి కొత్తదేమీ చేర్చకపోవడమే ఇక్కడ మనకు కావాలి. గుడి ఏటేటా మహిమలు చేర్చుకుంటూ పోతుంది. జ్ఞాపకం తప్పు కావచ్చు, కానీ జరిగినదానికి తాను లోబడి ఉన్నానని ఒప్పుకుంటుంది. అందుకే గ్రనాడో డైరీని గెవారా డైరీ పక్కన పెట్టి తప్పొప్పులు చూడగలం. మహిమను దేని పక్కన పెట్టి చూస్తాం?

చార్వాకులది ఇంకో ప్రశ్న. ఇక్కడ పెట్టిన శ్రాద్ధంతో పోయినవాడి కడుపు నిండితే, ప్రయాణమై వెళ్లేవాడికి దారిబత్తెం కట్టివ్వడం దేనికని వాళ్లు ఎగతాళి చేసినట్టు మాధవాచార్యుడి సర్వదర్శన సంగ్రహం చెబుతుంది. దూరాలు తిరిగే మనిషి విషయంలో ఈ వెక్కిరింత మరీ సూటిగా తగులుతుంది. పోయినవాడికి అందుతుందా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, నా వాదానికి అది అవసరమూ లేదు. తర్పణం తీరు మాత్రం గమనించదగ్గది. పేరు, గోత్రం, చుట్టరికం చెప్పి నీళ్లు వదులుతారు. పోయినవాడు ఎంత గొప్పవాడో అడగరు. తండ్రి, తాత, ముత్తాతలను వసు రుద్ర ఆదిత్య రూపులంటారు కదా, అదీ దేవుణ్ని చేయడమేగా అనొచ్చు. కానీ ఆ హోదా పిసినారి తాతకూ దాత అయిన తాతకూ ఒకటే, పైగా ఆ జాబితాలో పేరు చెప్పకుండా ఎవరికీ నీళ్లు లేవు. అది అయ్యాక, బంధువులైనా కాకపోయినా అందరికీ అంటూ పేర్లు లేకుండా వదిలే నీళ్లు కూడా ఉన్నాయి. స్నేహితుడికి చోటు అక్కడే, పొగడ్త లేనిచోట.

నా వాదాన్ని నిజంగా ఇబ్బందిపెట్టే ఆక్షేపణ వేరే ఉంది. 1959లో హవానాలోని లా కబాన్యా కోట గెవారా అధీనంలో ఉంది, విప్లవ కోర్టుల తీర్పుల మీద అక్కడ మనుషుల్ని కాల్చారు. మోటారుసైకిలు కుర్రాడి అల్లరిని గుర్తుచేస్తూ పోతే ఆ కోట కనపడకుండా పోదా? 2004లో వాల్టర్ సాలెస్ తీసిన సినిమా మీద ఈ ఫిర్యాదు న్యాయమే. గ్రనాడో దానికి సలహాదారు. గెవారా అమెజాన్ నదిని ఈదడం సినిమాలో పుట్టినరోజు రాత్రి జరిగే మహాఘట్టం. గెవారా రాతలో అది మరో రోజు, దాదాపు రెండు గంటలు పట్టిన ఈత, అంతసేపు కాచుకోలేక తోడొచ్చిన డాక్టరు విసుక్కున్నాడు. ఆ విసుగు పోగానే ఈత మహిమలా తయారైంది. అంటే స్నేహితుడి సమక్షంలోనే మొక్కు మొదలైందన్నమాట. దీనికి మందు జ్ఞాపకాన్ని మానేయడం కాదు, దాని హద్దు చెప్పడం. 1952 జులైలో కరాకస్‌లో ఇద్దరూ విడిపోయారు. లా కబాన్యా రోజుల్లో గ్రనాడో వెనెజువేలాలోనే ఉన్నాడు, అక్కడ తాను చూసిందేమీ లేదంటే ఒప్పుకోవాలి. కానీ 1961 నుంచి క్యూబాలోనే స్థిరపడి, వైద్యవిద్య నేర్పుతూ, ప్రభుత్వ గౌరవాలు అందుకుంటూ యాభై ఏళ్లు గడిపినవాణ్ని, ఆ కోట గురించి అక్కడ ఏం విన్నావని అడిగే హక్కు చదువరికి ఉంది.