బాంబులు పడ్డాక ఏం చేద్దామని?

మోంటె కస్సీనో మఠం మీద ఎనభై ఏళ్లుగా నడుస్తున్న వాదమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. 1944 ఫిబ్రవరి 15న అమెరికన్ విమానాలు బాంబులు కురిపించేనాటికి ఆ గోడల లోపల జర్మన్ సైనికులు ఉన్నారా, లేరా? లేరని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. 1969లో వెలువడిన అమెరికా సైన్యపు అధికారిక చరిత్ర కూడా ఆ మాటే రాసింది. దాంతో వ్యాజ్యం తేలిపోయినట్టే భావించి, తప్పుడు సమాచారం వల్ల ఒక పురాతన కట్టడం పోయింది, యుద్ధమన్నాక ఇలాంటివి తప్పవు అనేసి చాలామంది పుస్తకం మూసేస్తారు. నాకు మాత్రం ఆ ప్రశ్న దగ్గరే పేచీ ఉంది. బాంబులు పడ్డ తర్వాతి గంటలో ఏం చేద్దామని అవి వేశారో ముందు అడగాలి. యుద్ధంలో తప్పనిసరి అనే వాదన నిలబడినా, కూలినా అక్కడే.

ఆ చోటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. రోముకు ఆగ్నేయంగా సుమారు 130 కిలోమీటర్ల దూరాన, కస్సీనో ఊరికి పైన, 500 మీటర్లు దాటిన ఎత్తులో క్రీ.శ. 529 ప్రాంతంలో సెయింట్ బెనెడిక్ట్ ఈ మఠం కట్టాడు. పశ్చిమ ఐరోపా సన్యాసులకు శతాబ్దాల పాటు కట్టుబాట్లు నేర్పిన నియమావళిని ఆయన ఇక్కడే రాశాడని సంప్రదాయం. ఆరో శతాబ్దంలో లొంబార్డులు, 883లో సారసెన్లు దీన్ని పాడుచేశారు. 1349లో భూకంపం కూల్చింది. ప్రతిసారీ మళ్లీ కట్టుకున్నారు. 1943 శీతాకాలంలో జర్మన్లు ఇటలీకి అడ్డంగా గుస్తావ్ లైన్ అనే రక్షణ పంక్తిని నిలిపినప్పుడు ఈ కొండ దానికి ఆయువుపట్టయింది. కింద లిరి లోయ, ఆ లోయలోనే రోముకు పోయే రోడ్డు, కొండ మీదున్నవాడి కంటికి ఆ రోడ్డు మీద కదిలే ప్రతి లారీ కనిపిస్తుంది. మఠంలోకి సైనికులెవరూ అడుగుపెట్టకూడదని జర్మన్ సేనాధిపతి కెసెల్‌రింగ్ ఉత్తర్వు ఇచ్చాడు. దాన్ని పాటించారు కూడా. అయితే గోడలకు కాస్త దిగువన, వాలు పొడుగునా వాళ్ల పరిశీలక స్థానాలూ మెషీన్ గన్నులూ ఉండనే ఉన్నాయి. ఇంట్లోకి రాలేదు, అరుగు మీదే కూర్చున్నాం అన్న చందం. కాబట్టి మఠాన్ని యుద్ధంలోకి ఈడ్చిన తొలి దోషం జర్మన్లదే. ఆ ప్రాంతపు కోర్ కమాండర్ ఫోన్ సెంగర్ స్వయంగా బెనడిక్టైన్ సంఘంలో గృహస్థ సభ్యుడే అయినా ఆ దోషం చెరగదు. అంతకుముందు ష్లేగెల్, బెకర్ అనే ఇద్దరు జర్మన్ అధికారులు పూనుకొని గ్రంథాలయాన్నీ కళాఖండాలనూ లారీల్లో అక్కడి నుంచి తరలించిన మాట నిజం. అదే తరలింపులో కొన్ని పెట్టెలు దారి మళ్లి నాజీ నాయకుడు గోరింగ్ కోసం బెర్లిన్ చేరిన మాటా నిజమే. పుణ్యంలోనూ వాటా తీసుకున్నారన్నమాట.

ఇక మిత్రరాజ్యాల వైపు చూద్దాం. జనవరిలో రాపిడో నది దాటబోయి అమెరికన్ 36వ డివిజన్ ఘోరంగా దెబ్బతింది. ఆ తర్వాత 34వ డివిజన్ కొండల్లో మఠానికి బాగా దగ్గరదాకా వెళ్లి, అలసిపోయి ఆగింది. ఫిబ్రవరిలో ఆ బరువు ఫ్రైబర్గ్ నాయకత్వంలోని న్యూజిలాండ్ కోర్ మీద పడింది. అందులో ముఖ్యమైన భాగం 4వ భారత డివిజన్. రాజపుతానా రైఫిల్స్, గూర్ఖాలు, వాళ్లతోపాటు దారులు వేసే మద్రాస్ శాపర్లు. ఆ పటాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తమిళులతోపాటు తెలుగువాళ్లూ చేరేవారు. డివిజన్ కమాండర్ టకర్ జబ్బుపడి మంచం మీద ఉన్నాడు. మఠం నిర్మాణం గురించి పైనుంచి సమాచారమేదీ రాకపోతే ఆయనే నేపుల్స్ పుస్తకాల షాపుల్లో వెతికించి 1879 నాటి పుస్తకం ఒకటి సంపాదించాడు. గోడలు పునాది దగ్గర పది అడుగుల మందం ఉన్నాయని అందులో ఉంది. మామూలు ఫిరంగులతో అది కూలేది కాదు, దాడి చేయక తప్పకపోతే భారీ బాంబులు కావాలని ఆయన అడిగాడు. అసలు ఆ కొండకు తల ఢీకొట్టకుండా పక్క కొండల మీదుగా చుట్టుముట్టి పోదామన్నది ఆయన మొదటి సలహా. అది ఎవరికీ రుచించలేదు. ఫ్రైబర్గ్ బాంబులు కోరాడు, అతని పైనున్న అమెరికన్ సేనాధిపతి క్లార్క్ ఇష్టం లేకుండానే తలవంచాడు, ఇద్దరికీ పైనున్న బ్రిటిష్ సేనాధిపతి అలెగ్జాండర్ సరేనన్నాడు.

ఫిబ్రవరి 15 ఉదయం నుంచి 200కు పైగా బాంబర్లు వెయ్యి టన్నులు మించిన బాంబులు కుమ్మరించాయి. ముహూర్తం పెట్టింది వాతావరణమూ, మిత్రసేనలు దిగిన ఆంజియో తీరంలో అదే విమానాలకు ఉన్న పనీ. కొండ మీది పదాతిదళాన్ని అడిగి పెట్టిన ముహూర్తం కాదది. ఆ దళం అప్పటికి ఎక్కడుంది? మఠానికి దారినిచ్చే 593 నంబరు గుట్ట అమెరికన్ల చేతిలో ఉందనుకొని వచ్చిన భారత డివిజన్, అది జర్మన్ల చేతిలోనే ఉందని అక్కడికి చేరాక గానీ తెలుసుకోలేదు. అదంతా బండ నేల. గుంత తవ్వేందుకు వీల్లేదు. రాళ్లు పేర్చుకొని వాటి చాటున పడుకోవాలి. తిండీ తూటాలూ రాత్రిపూట కంచరగాడిదల మీద మోసుకురావాలి. బాంబులు పడిన రాత్రి ఆ గుట్ట మీదికి కదిలింది రాయల్ సస్సెక్స్ దళంలోని ఒక్క కంపెనీ. చేతిబాంబులు అయిపోగా, సగం మందిని పోగొట్టుకొని వెనక్కి వచ్చింది. అసలు దాడి 17వ తేదీ రాత్రి గానీ జరగలేదు. అప్పుడు మఠం వైపు దిగిన గూర్ఖాలు వాలులోని దట్టమైన ముళ్లపొదల్లో చిక్కుకున్నారు. ఆ పొదల్లో జర్మన్లు తీగలు కట్టి మందుపాతరలు పెట్టారు. కాలికి తీగ తగిలినవాడు అక్కడే పోయాడు. ఈలోగా జర్మన్లు నింపాదిగా శిథిలాల్లోకి వచ్చి కూర్చున్నారు. నిలబడ్డ మఠంలోకి వెళ్లకూడదన్న ఉత్తర్వు కూలిన మఠానికి వర్తించదు మరి.

దీనికి మొదట వినిపించే జవాబు, ప్రాణం ముందు రాయి ఎంత అన్నది. నేనూ ఒప్పుకుంటాను. 1943 డిసెంబరు 29న మిత్రరాజ్యాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ తన కమాండర్లకు పంపిన ఆదేశంలోనూ ఇదే ఉంది. ప్రసిద్ధ కట్టడమా, మన సైనికుడా అని తేల్చుకోవాల్సి వస్తే సైనికుడే ముఖ్యమన్నాడు. అయితే చాలామంది చదవని భాగం ఆ తర్వాతిది. సౌకర్యం కోసం చేసే పనులకు కూడా సైనికావసరం అనే ముసుగు తొడుగుతుంటారని ఆయనే హెచ్చరించాడు. కస్సీనోలో రాయి ఇచ్చి ప్రాణం కొనుక్కున్నది ఎక్కడ? వెయ్యి టన్నుల బాంబులకు బదులుగా ఒక్క సైనికుడి ప్రాణం దక్కిందని ఎవరూ చూపలేకపోయారు. పైగా లోపల ఉన్నది రాళ్లు మాత్రమే కాదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి తలదాచుకున్న జనం వందల సంఖ్యలో ఉన్నారు. ముందురోజు హెచ్చరిక కరపత్రాలు జారవిడిచారు గానీ, గుండ్లు పడుతున్న వాలులో వాళ్లు ఎటు పోగలరు? చనిపోయినవాళ్లు రెండు వందలకు పైనే ఉంటారని అంచనా. 17వ తేదీ ఉదయం ముసలి మఠాధిపతి గ్రెగోరియో దియమారె పెద్ద కొయ్య శిలువ ముందుంచుకొని, మిగిలినవాళ్లను వెంటబెట్టుకొని కొండ దిగాడు.

రెండో జవాబు ఇంకా బలమైనది. జరిగిపోయాక తీరిగ్గా కూర్చుని తప్పులెంచడం తేలిక. వారాల తరబడి బురదలో, చలిలో పడుకుని పైకి చూసిన సైనికుడికి ఆ వందలాది కిటికీల్లో ప్రతిదీ తనను చూస్తున్న కన్నులాగే తోచింది. అలాంటి గోడల కిందికి మనుషుల్ని పంపే సేనాధిపతి ఆ భయాన్ని లెక్కచేయకుండా ఉండలేడు. నిజమే, ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కిటికీ వెనక ఎవరున్నారో తెలియకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. కానీ నా ప్రశ్నకు తర్వాత పుట్టిన జ్ఞానంతో పని లేదు. తమ పదాతిదళం సిద్ధంగా లేదన్న సంగతి ఫిబ్రవరి 14 రాత్రికే డివిజన్‌లో తెలుసు. 593 గుట్ట చేతిలో లేదనీ తెలుసు. శత్రువు గురించి తెలియకపోవడం క్షమించదగ్గదే. తన సొంత సైన్యం మర్నాడు కదలలేదని తెలిసీ కూల్చడాన్ని ఏ భయం సమర్థిస్తుంది? సరిగ్గా నెలకు, మార్చి 15న, కస్సీనో ఊరి మీద అదే పని మళ్లీ చేశారు. ఊరు నేలమట్టమైంది. గుంతలూ రాళ్లగుట్టలూ అడ్డుపడి తమ ట్యాంకులే ముందుకు పోలేకపోయాయి. ఎవడో ఒక్క అధికారి తొందరపాటు అనడానికి లేదిక. పథకం దొరకనప్పుడు బాంబులతో ఆ ఖాళీ పూడ్చుకునే అలవాటు అది.

మే నెలలో గుస్తావ్ లైన్ బద్దలైన తీరు టకర్ మొదటి సలహాకు దగ్గరగా ఉంది. జుయ్యాఁ నడిపిన ఫ్రెంచ్ కోర్, ముఖ్యంగా దానిలోని మొరాకో కొండజాతి దళాలు, ఎవరూ దాటలేరనుకున్న ఔరుంచి కొండల మీదుగా చొచ్చుకుపోయాయి. 8వ భారత డివిజన్ గారి నదిని దాటింది. ఆ పోరులో దాని సిపాయి కమల్ రామ్ విక్టోరియా క్రాస్ పొందాడు. వెనక దారి మూసుకుపోతుందని జర్మన్లు కొండ ఖాళీ చేశాక, అప్పటికే ఆ వాలుల్లో భారీగా ప్రాణాలు అర్పించిన పోలిష్ సైనికులు మే 18న శిథిలాల్లో జెండా నిలిపారు. అయితే దీన్ని మచ్చలేని ప్రత్యామ్నాయంగా చూపితే నేనూ అబద్ధమాడినట్టే. ఆ కొండలు గెలిచిన మొరాకో దళాలే ఎస్పేరియా చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ల మీద చేసిన అత్యాచారాలు ఇటలీ ఇప్పటికీ మరిచిపోలేదు. వేరే దారి ఉందంటే అది శుభ్రమైన దారి అని అర్థం కాదు. ఆ నేరం సైనికులను అదుపు చేయని అధికారులది. దాని పేరు చెప్పి ఫిబ్రవరి బాంబులను కడిగేయలేం.

చట్టం ఈ విషయంలో మెల్లగా నడిచింది. 1907 హేగ్ నిబంధనలు అడిగింది మొదటి ప్రశ్నే: కట్టడాన్ని శత్రువు సైనికావసరాలకు వాడుతున్నాడా? 1954 హేగ్ ఒప్పందం రక్షణను పెంచినా, తప్పనిసరి సైనికావసరం అనే తలుపు తెరిచే ఉంచింది. 1999 నాటి రెండో ప్రోటోకాల్ మాత్రమే ఆ తలుపుకు గడియ పెట్టబోయింది. అదే ప్రయోజనం వేరే మార్గంలో సాధ్యం కానప్పుడే దాడి చేయాలంది. అంటే దాడికి ముందే ఆ ప్రయోజనం ఏమిటో చెప్పి తీరాలి. ఫ్రైబర్గ్‌నో అలెగ్జాండర్‌నో ఆ ముక్క ముందుగా రాసి సంతకం పెట్టమని ఉంటే ఏం రాసేవారో నేను ఊహించలేకపోతున్నాను. 1954 ఒప్పందంలో భారత్ 1958లోనే చేరింది. అమెరికా 2009లో గానీ చేరలేదు. 1999 ప్రోటోకాల్‌లో అమెరికా ఇప్పటికీ చేరలేదు.