రెండు సీట్ల కారు, రెండు నెలల చలి

ఏడాది పొడుగునా మేపి, రెండు నెలలు మాత్రమే ఎక్కి తిరిగే వాహనం ఇంట్లో ఉంటే దాన్ని సోకు అనాలా, సుఖం అనాలా, లేక వట్టి పిచ్చి అనాలా? పాతకాలపు స్పోర్ట్స్ కారు సంగతి నేను చెబుతున్నది. పైకప్పు గుడ్డది. సీట్లు రెండే. నేలకు జానెడెత్తులో కాళ్ళు బారచాపి కూర్చోవాలి. వెనకాల కూరల సంచీ పడితే అదే గొప్ప. అత్తగారూ మామగారూ ఇద్దరు పిల్లలూ ఉన్న ఇల్లాలికి దాన్ని చూపించి, ఎలా ఉందమ్మా అని అడిగితే ఆవిడ ఏం జవాబు చెబుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అయినా ఈ జాతి కారు మనకు మరీ పరాయిదేం కాదు. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ముందు భాగమంతా పెట్టె మూతలా ముందుకు వాలేది. దాని మాతృక ఇంగ్లండు వాళ్ళ ట్రయంఫ్ హెరాల్డ్. ఆ చట్రాన్నే కాస్త పొట్టి చేసి, 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల కారు కట్టారు. అంటే బుద్ధిమంతురాలైన హెరాల్డుకూ, ఆ సోకులాడికీ ఎముకలు ఒకటేనన్నమాట. ఒకే తల్లి పిల్లలు. ఒకతె కాపురం చేసుకుంది, రెండో ఆవిడ నాట్యం నేర్చుకుంది.

తమాషా ఏమిటంటే, పుట్టింట్లో ఆ కారుకు చలికాలం గండం. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు; ఆ ఉప్పు ఇనుమును కొరుక్కు తింటుంది. అందుకని చలి మొదలవగానే దుప్పటి కప్పి షెడ్డులో పెట్టేస్తారు. మన దగ్గర అంతా తారుమారు. మే నెలలో మదనపల్లె నుంచి హార్స్‌లీ కొండ ఎక్కించి చూడండి. రేడియేటరు కాఫీ గిన్నెలా పొంగుతుంది. పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, కారు మలుపులో మూలుగుతూ నిలబడిపోతుంది. నెత్తిన కప్పు లేని సీట్లలో కూర్చున్నవాళ్ళు ఎండకు అప్పడాలవుతారు.

వానలు వెనకబట్టి, వాకిళ్ళలో ధనుర్మాసం ముగ్గులు పడ్డాక గానీ దాని అందం తెలియదు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు ఏడువందల మీటర్ల ఎత్తున ఉంది కదా, తెల్లవారుజామున చలి ఎముకలకు తగులుతుంది. గుడ్డ కప్పు మీది మంచునీరు తుడిచి, చోక్ లాగి తాళం తిప్పితే, ముసలాయన గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు దగ్గి కారు మేలుకుంటుంది. చల్లగాలి చిక్కనిది, ఇంజనుకు ఊపిరి బాగా అందుతుంది. పుంగనూరు దాటి, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి సుమారు నూరు కిలోమీటర్లు. ఇంజను వేడికి కాళ్ళు వెచ్చగా, గాలికి చెవులు మంచుముద్దల్లా ఉంటాయి. టమోటా లారీ పక్కన పోతుంటే దాని చక్రం మన భుజం ఎత్తుంటుంది. నేలకు అంత దగ్గరగా కూర్చుంటే యాభై కిలోమీటర్ల వేగమే నూరులా తోస్తుంది. వేగం కాదు, వేగం తాలూకు పులకరింత. నిజం చెప్పొద్దూ, అంతకు మించి పోనక్కరలేదు కూడా.

మరి ఇంత చిన్న పులకరింతకు అంత ఖర్చా? ఇక్కడ మదనపల్లె వాడే ఒకాయన అడ్డొస్తాడు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. విదేశాల్లో ఎంత తిరిగినా చలికాలంలో ఇటు రిషీవ్యాలీకి వచ్చిపోతూ ఉండేవాడు. లోకానికి వైరాగ్యం బోధించాడని మనం అనుకునే ఆ మనిషికి మంచి కార్లంటే మహా ముచ్చట. మెర్సిడెస్ బెంజ్‌ను తానే నడిపేవాడు, తానే తుడిచి తళతళలాడించేవాడు. అందమైన దాన్ని చూసి ఆనందించడంలో తప్పు లేదనే ఆయన చెప్పింది. ఆ ఆనందం మళ్ళీ కావాలి, రేపూ కావాలి అని మనసు పట్టుకు కూర్చోవడంతోనే చిక్కు మొదలవుతుందన్నాడు. డిసెంబరు పొద్దును మే నెలలో వెతుక్కుంటూ కొండెక్కిన కారు గతి ఇందాకే చూశాం.

అయితే పెద్దాయనతో నాకొక చిన్న పేచీ ఉంది. మళ్ళీ కావాలనుకోవడం అంతా ఒక్కటి కాదు. బొమ్మల కొలువు పెట్టే ఇల్లాలిని చూడండి. పండుగ నాలుగు రోజులకోసం ఏడాదంతా ఆ మట్టిబొమ్మలను పాతచీరల్లో చుట్టి, పెట్టెలో పెట్టి, పురుగు పట్టకుండా వేపాకు వేసి కాపాడుతుంది. కావాలనుకుంటుంది కానీ, కాలం వచ్చేదాకా ఊరుకుంటుంది. పండుగ వెళ్ళగానే మారుమాట లేకుండా మూట కట్టేస్తుంది. ఆవిడను పిచ్చిదని ఎవరూ అనరు. కారును అలా దాచుకున్నవాడిని మాత్రం ఎందుకనాలి?

ఉపయోగం లెక్కే చూస్తే పుంగనూరు ఆవు ఏనాడో పోయేది. మూడడుగుల ఎత్తు మించని జీవి, పాలు చిక్కనివే గానీ కొద్దిగా ఇస్తుంది. ఎక్కువ పాలిచ్చే సంకరజాతులు రాగానే దాదాపు కనుమరుగైంది. పలమనేరు పశుపరిశోధన కేంద్రం కొంత కాపాడింది, ముచ్చటపడి పెంచుకున్నవాళ్ళు కొంత కాపాడారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీ ఇంట్లో వాటికి మేత పెట్టిన ఫోటో మీరూ చూసే ఉంటారు. పని పోయిన వస్తువు బతకాలంటే ఇష్టపడే మనిషి ఒకరుండాలి. ప్రభుత్వమూ అలాగే అనుకున్నట్టుంది. యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలుకో తీయవచ్చు. రోజువారీ తిరుగుళ్ళకు పనికిరాదు. పట్టుచీర కట్టుకుని నీళ్ళు మోయకూడదన్నట్టు.

ఖర్చు మాట కొట్టిపారేయలేం. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాలు పాతకాలపు రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది, మార్చుకుంటూ ఉండాలి. అమ్మాయి కాలేజీ ఫీజు వాయిదా వేసి గొట్టం మార్చే ఇంట్లో ఆ కారు అందంగా ఉండదు, ఎంత మెరుగుపెట్టినా సరే. దీని మీద ఇంతకంటే చర్చ అనవసరం.

నన్ను తొలిచేది రెండో సీటు. అయిదు సీట్ల కారైతే అందరూ ఎక్కుతారు, ఎవరినీ ఎంచుకోనక్కర లేదు. ఇక్కడ ఎంచుకోవాలి. ‘అందరం పట్టం కదా’ అంటూ ఆయన ఒక్కడే పోయి రావడం, లేదా స్నేహితుణ్ణి ఎక్కించుకోవడం ఎక్కువగా జరిగేది. తలుపు దగ్గర శాలువా కప్పుకుని నిలబడ్డ అవ్వ, ‘నాకెందుకులే నాయనా, చలి’ అంటుంది. ఆ చలి నిజమో, మొహమాటమో ఒక్కసారైనా అడిగి చూశారా? ఇక ఇల్లాలు ఎక్కినా ఎడంపక్కనే, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని. స్టీరింగు ఎదుట కూర్చునే సుఖం మగవాళ్ళదేనని ఏ శాస్త్రం చెప్పింది?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. సంక్రాంతి నుంచి అప్పటిదాకా ఆదివారాలు తక్కువలో నాలుగు, ఎక్కువలో ఎనిమిది. ఒకటి అవ్వకు, పుంగనూరు దాకా, చెవులకు మఫ్లరు చుట్టి. పిల్లలకు తలా ఒకటి. మిగిలినదాంట్లో కుప్పం దాకా ఆవిడ నడపాలి. ఫ్లాస్కు ఆయన పట్టుకోవాలి.