కడచెట్టు దాకా నీళ్లు

పులివెందుల పక్కన ఒక పల్లె. అందులో ఒక తాత, ఒక అవ్వ. వాళ్లకు నాలుగెకరాల చీనీ తోట ఉంది. కువైట్‌లో డ్రైవరు పని చేసే చిన్న కొడుకున్నాడు. పెద్ద కొడుకు బిడ్డ ఒకడు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. తోటకు నీళ్లెట్లనో, అవ్వకు చిన్నోని ఫోను అట్ల. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 6 గంటలకు వాడు బండి నిలిపి గదికి చేరితే ఇక్కడ రాత్రి 8:30. ఆ వేళకు అవ్వ సంగటి గిన్నె కడిగేసి, మొగం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని ఫోను ముందర కూర్చునేది.

దసరా వచ్చింది. మనవడు సెలవులకు ఇంటికొచ్చాడు. ఆయుధపూజ నాడు తాత కొడవళ్లు, గడ్డపారలు, మందు కొట్టే పంపు, మోటరు స్టార్టరు పెట్టె వరసగా పెట్టి పసుపు కుంకుమ అద్దాడు. అవ్వ లోపలికి పోయి ఫోను తెచ్చింది. "నా కొడుకును చూపిచ్చేది ఇదే గదా, దీనికి పెట్టకుంటే ఎట్ల?" అంది. అద్దం పాడైతుందని దాని జోలికి పోలేదు. కింది అంచున, ఛార్జరు గుచ్చే చోటికి పక్కన, తడి పసుపు నిండుగా పూసి, దాని మీద కుంకుమ పెట్టి, కండ్లకద్దుకుంది.

ఆ రాత్రి కొడుకు మొగం ఫోన్లో నిండుగా కనిపించింది. వాని మాట గంట కొట్టినట్టు వినిపించింది. అవ్వ మాటే వానికి అందలేదు.

"అమ్మా, బాయిలోంచి గొణిగినట్టుండాది. సరిగ్గా వినపళ్ల్యా."

అవ్వ గొంతు పెంచింది. అయినా లాభం లేకపోతే లేచి నిలబడి అరిచింది. పక్కింటోళ్లు ఏం గలాటా అని వాకిట్లోకి వచ్చారు. కువైట్‌కు మాత్రం అదే గొణుగుడు చేరింది.

"ఇట్లియ్యవ్వా, ఇదంతా నెట్ తప్పు" అని మనవడు ఫోను అందుకున్నాడు. ఆపి మళ్లీ పెట్టాడు. సిమ్ము తీసి తుడిచి వేశాడు. ఆప్ తీసేసి కొత్తగా ఎక్కించాడు. సెట్టింగుల్లో తెలిసినవీ తెలియనివీ నాలుగు మార్చాడు. కొత్తగా ఎక్కిన ఆప్ కెమెరా వాడుకోవచ్చా అని అడిగింది. సరే అన్నాడు. మైకు వాడుకోవచ్చా అని అడిగింది. తొందరలో వేలు 'వద్దు' మీద పడింది. వాడది చూసుకోలేదు. పది నిమిషాల్లో అన్ని పనులు చేశాడు, ఏ పని దేన్ని మార్చిందో వానికే గుర్తులేదు.

మళ్లీ ఫోను కలిపారు. చిన్నాయన తల అడ్డంగా ఊపాడు. "అబ్బీ, ఇందాక గొణుగుడన్నా వస్తాన్యాది. ఇప్పుడు అదీ లేదు."

మనవడు తన ఫోను తీసి చేశాడు. మాట చక్కగా పోయింది. అవ్వ అందులో నాలుగు మాటలు మాట్లాడింది గానీ మనసు కుదుటపడలేదు. వారం తిరిగితే మనవడు హాస్టలుకు పోతాడు, వాని ఫోనూ వానితో పోతుంది. "నీ ఫోను చచ్చిందవ్వా, కొత్తది కొనాల్సిందే" అని మనవడు తీర్పు చెప్పాడు. అవ్వ ఆ రాత్రి సద్దు చేయకుండా పడుకుంది.

తెల్లారి తాత మనవణ్ని తోటకు తీసుకుపోయాడు. 2003లో రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం మొదలయ్యాక ఆ పల్లెలో డ్రిప్పు వేసిన తొలి రైతుల్లో తాత ఒకడు. ఒక వరస చివర చీనీ చెట్టు ఆకులు ముడుచుకుని ఉంది.

"కడచెట్టుకు నీళ్లు రాల్యా. నువ్వైతే ఏం చేస్తావురా?"

"మోటరు చూడాల్నేమో తాతా."

"పక్క చెట్టు కింద తడి చూడు. మోటరు మంచిదే అని ఆ చెట్టు చెప్తాంటే వినవేం? ఫిల్టరూ మంచిదే, గేటువాల్వూ మంచిదే. నీళ్లు యాడిదాకా వచ్చినాయో చూసుకుంటా పోతే, ఆగినకాడ తప్పుంటాది."

తాత వంగి ఆ చెట్టు డ్రిప్పరు ఊడబీకాడు. కంత చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. మనవడు తుమ్మముల్లు తీసి పొడవబోతే చెయ్యి పట్టుకున్నాడు. "పొడిస్తే కంత పెద్దదైతాది. అప్పుడు పక్క చెట్ల నీళ్లు గూడా ఇదే తాగుతాది." ఆ డ్రిప్పరు పక్కన పెట్టి జేబులోంచి ఇంకోటి తీసి తగిలించాడు. చుక్క వెనక చుక్క పడసాగింది. "పార్నపల్లె డ్యాం నిండి 10 టీఎంసీలు నిలబడినా, ఈ కంత పూడితే ఈ చెట్టుకు చుక్క లేదు. ఇంటికి పోదాం పా, మీ అవ్వ ఫోను చూద్దాం."

"నీకు ఫోను గురించి ఏం తెలుసు తాతా?"

"ఏం తెలీదు. నువ్వు చెప్పు, నేను అడుగుతా. నిన్న వాని మాట ఈ ఫోన్లో వినపడిందా?"

"పడింది."

"మీ అవ్వ మొగం వానికి కనపడిందా?"

"బాగా."

"ఇంక నెట్టును ఎందుకు తిడ్తావు? నీ ఫోన్లోంచి మాట్లాడితే వానికి వినపడింది గదా, వాని చెవీ మంచిదే. మిగిలింది ఏంది?"

మనవడు ఆగాడు. "ఈ ఫోను మైకు. కాకుంటే ఆప్."

"రెంటిలో ఒక్కదాన్నే పట్టుకో. రెండోదాన్ని ముట్టొద్దు."

నెట్టుతో, ఆప్‌తో పనిలేని పరీక్ష ఒకటి మనవనికి అప్పుడు తట్టింది. ఫోన్లో మాటలు పట్టే రికార్డరు తెరిచి అవ్వను మాట్లాడమన్నాడు. తిప్పి వింటే అదే బావిలోని గొణుగుడు. మైకున్న వైరు ఇయర్‌ఫోను గుచ్చి మళ్లీ పట్టాడు. ఈసారి అవ్వ గొంతు గొంతులా పలికింది. అంటే లోపల ఫోను బాగానే ఉంది, దాని నోరే మూసుకుంది.

పౌచ్ ఊడదీసి టార్చి వేసి చూశారు. కింది అంచున నువ్వుగింజ పట్టనంత కంత. దాని నిండా పసుపు ఎండి బంకమట్టిలా గట్టిపడి ఉంది, నడుమ కుంకుమ ఎర్రగా చుక్క. మనవడు అవ్వ గాజులకున్న పిన్నీసు కోసం చెయ్యి చాపి, తాత మొగం చూసి, తనే వెనక్కు తీసుకున్నాడు. ఆ కంత వెనక పలుచని పొర ఉంటుంది, సూది తగిలితే మైకు నిజంగానే మూగబోతుంది. నోటితో ఊదితే తడి లోపలికి పోతుంది. కొత్త పండ్ల బ్రష్షు తెచ్చి, పొడి బయటికి రాలేలా కంతను నేలవైపు తిప్పి పట్టుకుని, మెల్లగా నిమిరాడు. పసుపు పొడిపొడిగా రాలింది. రికార్డరులో ఈసారి అవ్వ మాట, దాని వెనక పెరట్లో కోడి అరుపు కూడా పడ్డాయి.

రాత్రి 8:30 అయింది. ఫోను కలిసింది. చిన్నాయన మొగం చిట్లించాడు. "ఏం వినపళ్ల్యా."

మనవని వేలు ఫోను ఆపే మీట మీదికి పోయి ఆగింది. "తాతా, రికార్డరులో పలుకుతాంది, ఆప్‌లో పలకళ్ల్యా. దారి తెగింది ఆప్ కాడనే." సెట్టింగుల్లో ఆ ఆప్ అనుమతులు తెరిచాడు. కెమెరాకు ఉంది. మైకుకు లేదు.

"ఎవరు మూసినారంట?" అన్నాడు తాత.

మనవడు తల వంచుకున్నాడు. "నేనే తాతా." అనుమతి ఇచ్చాడు.

"ఒరే అబ్బయ్యా, తిన్యావా?" అని అవ్వ అలవాటు కొద్దీ అరిచింది.

కువైట్‌లో కొడుకు చెవులు మూసుకున్నాడు. "మెల్లగామా! ఎందుకట్ల అరుస్తాండావు, చెవులు పోతాండాయి!"

నీతి

వచ్చిన తప్పు ఒకటి, తెచ్చుకున్న తప్పు ఒకటి. మొదటిది అవ్వ భక్తితో వచ్చింది, రెండోది మనవని తొందరతో. ఒక తప్పు మీద ఇంకో తప్పు పేరితే, ఒకటి బాగుచేసినా ఫలితం కనపడదు. అప్పుడే మనిషి విసిగి వస్తువును పారేస్తాడు. గొణుగుడు పోయి నిశ్శబ్దం వచ్చినప్పుడే, తన చేతి పని ఏదో అందులో చేరిందని మనవడు పోల్చుకోవాల్సింది. గుర్తు మారితే కారణమూ మారి ఉంటుంది.

ఏది చెడిందని వెతికే ముందు ఏది బాగుందో అడగాలి. పక్క చెట్టు తడి మోటరుకు సాక్షి. కనిపించిన మొగం నెట్టుకు సాక్షి. సాక్షులను విచారిస్తే దోషి దాక్కునే చోటు తగ్గిపోతుంది. అప్పుడు ఒక్కొక్కటే మార్చి, మార్చిన ప్రతిసారీ విని చూడాలి.

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవారికీ ఇదే దారి. ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకున్నా, దూరాన ఉన్న వెబ్‌క్యామ్ మైకే మాట పట్టుతూ ఉండవచ్చు. అవతలి మాట కేబుల్ వెంట టీవీకో, సంచిలో మరిచిన బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కో పోతూ ఉండవచ్చు. ఒకే గదిలో రెండు ఫోన్లు ఒకే కాల్‌లో ఉంటే ఒకదాని మాట ఇంకోటి పట్టి కూత పెడుతుంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి మైకును అన్ని ఆప్‌లకూ ఒక్కసారిగా మూసే మీట కూడా ఉంది. పొరపాటున అది నొక్కితే ఏ ఆప్‌ను తిట్టినా లాభం లేదు. ఎన్ని గేట్లున్నా పని ఒకటే: నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకుంటూ నడవడం.

మాట అందనప్పుడు గొంతు పెంచడం మనుషుల మధ్య కూడా అలవాటే. అరిచేవానికి తన నోటికి అడ్డం పడ్డ పసుపు కనపడదు, దూరాన ఉన్నవాని చెవే చెడ్డదనిపిస్తుంది.

మరుసటి దసరాకు అవ్వ ఫోనుకు బొట్టు మానలేదు. పౌచ్ వెనక, నడిమధ్యన పెట్టింది.